కెనాన్ 200డి మార్క్ 2కి తక్కువ ధరలో ఏ ఫ్లాష్ తీసుకోవాలి?

నమస్తే అండీ. పోర్ట్రెయిట్లు తీయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. బడ్జెట్ ఎనిమిది వేలు, తప్పదంటే ఇంకో వెయ్యి. వచ్చే నెలలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ కూడా ఉంది.

కెమెరాలో ఉన్న ఫ్లాష్ వేస్తే ముఖం నూనె రాసినట్టు మెరుస్తోంది, వెనక గోడ మీద గట్టి నీడ పడుతోంది. అందుకే తల పైకీ పక్కకీ తిరిగేది కావాలి, వెలుతురును సీలింగ్‌కి కొట్టి మెత్తగా రప్పించుకోవచ్చు. (మా ఇంటి గోడలు చిలకాకుపచ్చ. పక్కకి కొడితే అందరూ ఆకుపచ్చగా వస్తారు!)

చాలామంది గోడాక్స్ కంపెనీ ఫ్లాష్ టిటి600 అంటున్నారు. కానీ నా కెమెరా హాట్ షూలో (పైన ఫ్లాష్ బిగించే చోట) మధ్య పిన్ లేదు, కాబట్టి ఆ ఒక్క పిన్ మీదే ఆధారపడే ఇలాంటి మాన్యువల్ ఫ్లాష్ (వెలుతురు ఎంతో మనమే సెట్ చేసుకునేది) పైన పెడితే వెలగదు. విడిగా స్టాండ్ మీద పెట్టి వాడాలంటే, దూరం నుంచి ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్ ఖర్చు అదనం. ఇదే బాడీ మీద అలా వాడుతున్నవాళ్లు ఉన్నారా? ఏ ట్రిగ్గర్ ఇబ్బంది లేకుండా పనిచేస్తోంది?

లేక కెనాన్ టిటిఎల్ (కెమెరా కొలతను బట్టి ఫ్లాష్ వెలుతురు తనంతట తానే సర్దుకోవడం) ఉన్న గోడాక్స్ చిన్న ఫ్లాష్ టిటి350సి చాలా? రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే ఫ్లాష్‌కి ఫంక్షన్ హాల్ సీలింగ్ అందుతుందా అన్నదే నా టెన్షన్. పెద్దది సెకండ్ హ్యాండ్‌లో కొనడం మేలంటే, కొనేముందు ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి.