అప్‌డేట్: కారం మిల్లు మోటారు ట్రిప్ సమస్య తీరింది

గుంటూరులో మా కారం మిల్లు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, మిరపకాయలు పోసిన ఐదారు నిమిషాలకే ఓవర్‌లోడ్ రిలే (కరెంటు పరిమితి దాటితే మోటారును ఆపేసే రక్షణ పరికరం) పడి ఆగిపోతోందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు నా లెక్కలోనే ఉంది. 3730 వాట్లను 1.732 × 415తో భాగించి 5.2 ఆంపియర్లు అనుకుని, రిలేను 5.5 దగ్గర పెట్టించాను. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) వదిలేశాను. పైగా హెచ్‌పీ అంటే షాఫ్టు దగ్గర వచ్చే పవర్, లైను నుంచి లాగేది కాదు. అందుకే ఎఫిషియెన్సీతో (లాగిన పవర్‌లో షాఫ్టుకు చేరే వంతు) కూడా భాగించాలని మీలో ఒకరు చెప్పారు. పవర్ ఫ్యాక్టర్ 0.8, ఎఫిషియెన్సీ 0.85 వేస్తే 7.6 ఆంపియర్లు వచ్చింది.

ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) పెడితే లోడు మీద మూడు ఫేజుల్లోనూ 7.2 నుంచి 7.4. నేమ్‌ప్లేటు మీద గట్టిపడిన కారాన్ని తడిగుడ్డతో తుడిస్తే 7.5 అని స్పష్టంగా కనిపించింది. రిలే అక్కడికే మార్చాం. అంతకు మించి పెంచితే వైండింగ్‌కు (మోటారు లోపలి తీగ చుట్లకు) రక్షణ ఉండదు. పది రోజులుగా ఒక్కసారీ ట్రిప్ కాలేదు, ఇంట్లో అందరి టెన్షన్ తగ్గింది.

బేరింగులు, కేబుల్ బాగానే ఉన్నాయి. పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్‌తో పని పడలేదు: మీటరు పక్కన పెడితే లైను కరెంటు తగ్గుతుంది గానీ, రిలే గుండా మోటారుకు వెళ్లేది తగ్గదు.