ఐడిలింగ్ తగ్గించడానికి గాలి దారి మూయొచ్చా?

నల్లగొండ_పాతబండి:
నాది 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే రకం). ఇంజిన్ వేడెక్కాక కూడా ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 1,500 చుట్ల (ఆర్పీఎం) దగ్గరే ఉండేది. ఉండాల్సింది 850. ట్రాఫిక్‌లో క్లచ్ వదలాలంటే టెన్షన్. మా మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే భాగం) విప్పి, ఐడిల్ వాల్వ్‌కు గాలి వెళ్లే రంధ్రాన్ని చిన్న రేకు ముక్కతో సగం మూశాడు. వెంటనే 900కి దిగింది. మూడు వారాలుగా అలాగే నడుపుతున్నాను. అది తప్పని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. నిజమేనా?

కార్బురేటర్_రోజులు:
తప్పేమీ లేదు తమ్ముడూ. డీజిల్ బండికి ఐడిలింగ్ పెట్టేది డీజిల్ పరిమాణంతో, పెట్రోల్ బండికి గాలితో. కార్బురేటర్‌లో ఐడిల్ స్క్రూ తిప్పితే థ్రాటిల్ రేకు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, అంతే కదా. మీవాడు చేసిందీ అదే పని. 30 ఏళ్లుగా బండ్లు విప్పుతున్నాను, గాలి తగ్గించినందుకు ఏ ఇంజినూ పాడవలేదు.

గాస్కెట్:
అన్నా, గాలితోనే ఐడిలింగ్ పెడతారన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ కార్బురేటర్ స్క్రూను మనం తిప్పుతాం. ఎంపీఎఫ్‌ఐలో ఆ పని ఈసీయూది, అంటే ఇంజిన్ కంప్యూటర్‌ది. చలికి ఇంజిన్ బిగుసుకుంటే వాల్వ్ ఎక్కువ తెరుస్తుంది, ఏసీ వేస్తే ఇంకాస్త తెరుస్తుంది, ఇంజిన్ మీద భారం తగ్గగానే మూస్తుంది. రేకు ముక్క మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నల్లగొండ గారూ, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆగిపోవడం లేదా? పైగా ఆ ముక్క ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. దయచేసి ముందు దాన్ని తీయించండి.

అయితే ఆ రేకు మనకొక మంచి ఆధారం ఇచ్చింది. వాక్యూమ్ పైపు చిరిగి గాలి లీకవుతుంటే ఈసీయూ ఐడిల్ వాల్వ్‌ను ముందే పూర్తిగా మూసేసి ఉండేది. అప్పుడు రంధ్రం మూసినా ఆర్పీఎం దిగదు. మీకు దిగిందంటే అదనపు గాలి ఆ వాల్వ్ గుండానే వస్తోంది. అంటే మసి పట్టి వాల్వ్ తెరిచినచోటే ఇరుక్కుపోయి ఉండాలి, లేదా ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూయే దాన్ని తెరిచి ఉంచాలి. రెండోదైతే పెట్రోల్ కూడా చల్లటి ఇంజిన్‌కు పోసినట్టే ఎక్కువ పోస్తుంది. గాలి దారి మూసినా ఆ దండగ ఆగదు. మైలేజ్ ఎంత వస్తోంది?

నల్లగొండ_పాతబండి:
17 వచ్చేది, ఇప్పుడు 13. పొద్దున ఒకటి రెండుసార్లు ఆగిపోతోంది, అది చలి వల్ల అనుకున్నాను.

కార్బురేటర్_రోజులు:
మైలేజ్ సంగతి నాకు తట్టలేదు. అయినా ఒక మాట. ఇరవై ఏళ్ల బండికి కొత్త థ్రాటిల్ బాడీ కొనమంటే ఎవరు కొంటారు? సామాన్యుడి జేబు చూసి కదా మెకానిక్ ఏదో ఒక దారి వెతికేది. అతన్ని తప్పుపట్టడం నాకు నచ్చదు.

గాస్కెట్:
అతన్ని తప్పుపట్టడం లేదు అన్నా. థ్రాటిల్ బాడీ కొనే అవసరం కూడా రాకపోవచ్చు. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో ఈసీయూకు చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ ప్లగ్ పీకి, మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఉంటుంది, 80 డిగ్రీలకు 300 చిల్లరకు పడిపోవాలి. అది సరిగ్గా ఉంటే వాల్వ్ విప్పి క్లీనర్‌తో మసి కడిగించండి. థ్రాటిల్ రేకును ఆపే స్క్రూ జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వద్దు. అది కదిలితే ఆ రేకు ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ సెన్సార్ లెక్క తప్పుతుంది, ఆ తర్వాత అసలు జబ్బేదో పట్టుకోవడం చాలా కష్టం.

నల్లగొండ_పాతబండి:
20 కిలోమీటర్లు నడిపి వచ్చి, మిట్టమధ్యాహ్నం చూశాను. ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మీటర్‌లో 2,200 ఓమ్‌లు. రెండుసార్లు చూశాను, అంతే.

కార్బురేటర్_రోజులు:
అయితే సెన్సారే తమ్ముడూ. మార్చేటప్పుడు కూలెంట్ కారుతుంది, ఇంజిన్ చల్లారాకే విప్పమను. రేకు ముక్క ఎదురుగా నిలబడి తీయించుకో.