స్పితికి రేంజ్‌ఫైండరు ఒక్కటే తీసుకెళ్లొచ్చా?

కొత్తరీలు
అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారంలో హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్తున్నాను. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా నాకో, టాబో, కాజా. కాజాలో మకాం పెట్టి లాంగ్జా, కిబ్బర్ చూసి రావాలని. మొత్తం పది రోజులు. నా దగ్గర బెస్సా ఆర్2ఎం రేంజ్‌ఫైండరు (లెన్సులోంచి కాకుండా పక్కనున్న చిన్న కిటికీలోంచి చూసే ఫిల్ము కెమెరా), 35 మిల్లీమీటర్ల లెన్సు, 50 లెన్సు ఉన్నాయి. నలుపు తెలుపు రీళ్లు పన్నెండు, కలర్ నాలుగు. మా ఆఫీసులో ఫొటోలు తీసే అన్న ఒకాయన "కొండలకు రేంజ్‌ఫైండరేంటి, అది వీధిలో మనుషుల్ని తీసే కెమెరా, లెన్సులోంచే చూసే ఎస్ఎల్ఆర్ పట్టుకెళ్లు" అన్నారు. రెండూ మోసే ఓపిక లేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

నలుపుతెలుపు
నిశ్చింతగా బెస్సా ఒక్కటే పట్టుకెళ్లు నాయనా. నేను ముప్పై ఏళ్లకు పైగా లైకా ఎం6తోనే తీస్తున్నాను, అదీ రేంజ్‌ఫైండరే. స్పితి రెండుసార్లు వెళ్లాను. కాజా 3,650 మీటర్ల ఎత్తు, లాంగ్జా 4,400. అక్కడ నాలుగడుగులు ఎగువకు వేస్తే ఊపిరి అందదు. లెన్సుతో కలిపి కిలో లోపు ఉండే కెమెరా విలువ అప్పుడు తెలుస్తుంది. బ్యాటరీ చచ్చినా నీ బెస్సా షట్టరు అన్ని స్పీడుల్లోనూ పనిచేస్తుంది, మీటరు ఒక్కటే పోతుంది.

కొండకు ఫోకస్‌తో పెద్దగా పని లేదు. 35 లెన్సు ఎపర్చరును (వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8లో పెట్టి, ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ వదిలెయ్. రెండున్నర మీటర్ల నుంచి ఇన్ఫినిటీ దాకా సరిపోతుంది. నలుపు తెలుపుకి పసుపు ఫిల్టరు చాలు. ఆ ఎత్తులో ఆకాశం ముందే ముదురుగా ఉంటుంది, ఎరుపు వేస్తే మసి పూసినట్టు వస్తుంది. చలిలో రీలు నెమ్మదిగా తిప్పు. ఆ పొడిగాలికి గబగబా తిప్పితే ఫిల్ము మీద కరెంటు రవ్వలు పడి చెట్టుకొమ్మల్లాంటి గీతలొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, రేంజ్‌ఫైండరులో ఫొటో హద్దులు చూపే గీతల బయట ఏముందో కూడా కనిపిస్తుంది. ఫ్రేములోకి ఏది రాబోతోందో ముందే తెలుస్తుంది.

కొండదారి
సార్ చెప్పిన మాటల్లో సగం ఒప్పుకుంట, కానీ అసలు విషయం చెప్పలే. తమ్మీ, ఆ గీతలు నీకు అబద్ధం చెప్తయ్. ఎం6లో ఫ్రేము గీతలు 0.7 మీటర్ల దూరానికి లెక్కగట్టి పెట్టినవి. దూరం మారితే గీతలు పక్కకు జరుగుతయ్ కానీ సైజు మారవు. ఇన్ఫినిటీల గీతల్లో కనిపించినదానికంటే ఎక్కువే ఫిల్ము మీద పడుతది. 35 లెన్సుకి నూటికి ఐదారు వంతులు, 50కి ఎనిమిది దాకా. గదిలో మనిషిని తీస్తే అది లెక్కలోకి రాదు. కొండను తీసేటప్పుడు అంచే ప్రాణం. ఎక్కడ ఆపినవ్ అన్నదే ఫొటో.

మెరుపు తగ్గించే పోలరైజరు ఫిల్టరు తిప్పి చూసుకోలేవు, సగం ముదురుగా ఉండే గ్రాడ్ ఫిల్టరు గీత ఎక్కడ పడిందో కనిపించది. నేను నికాన్ ఎఫ్3 పట్టుకుపోత, అది ఎస్ఎల్ఆర్. ఫిల్ము మీద పడేది నూటికి నూరు శాతం చూపిస్తది.

జోర్కి4
లెన్సు మూత తీయడం మర్చిపోకు తమ్ముడూ. వ్యూఫైండరులో అంతా బ్రహ్మాండంగా కనిపిస్తూనే ఉంటుంది. కల్పలో నాకు ఒక రీలు సగం అలాగే పోయింది.

నలుపుతెలుపు
అంచే ప్రాణం అన్నావు కొండదారీ, సరే. నేను ఈ లెక్క కాగితం మీద వెయ్యలేదు, చేసి చూశాను. మా డాబా మీద నిలబడితే ఎదురుగా మిల్లు గోడ ఉంటుంది, సున్నం లేని ఇటుక గోడ. 35 గీతల మధ్య అడ్డంగా ఇరవై ఇటుకలు లెక్కపెట్టి తీశాను. నెగెటివ్‌లో ఇరవై ఒకటి, పైన ఒక ముక్క. అంతే. ఆ ఒక్క ఇటుక ఎటువైపు వస్తుందో పది రీళ్లు తీస్తే చేతికి తెలిసిపోతుంది. బండి నడిపేవాడికి బంపరు ఎక్కడుందో తెలిసినట్టే.

పైగా నువ్వు తీసేది స్లైడు. స్లైడును బిగించే చట్రం, అదే మౌంటు, అంచులు ఎంత తినేస్తుందో తెలుసా? 36 మిల్లీమీటర్లలో కనిపించేది దాదాపు 34. నువ్వు ఎక్కువ వచ్చిందంటున్నది మౌంటే మింగేస్తుంది.

కొండదారి
నేను మౌంటు చెయ్య సార్. స్ట్రిప్పు అట్లనే స్కాన్ చేస్త, నల్లటి అంచు కనిపించేటట్టు. ఆ సంగతి మీకు తెలుసు, మా ఇంట్ల చూసినరు.

ఒక ఇటుకే అన్నరు. ఆ ఇటుక జాగాలో నాకు కరెంటు స్తంభం వచ్చింది. కిబ్బర్ కాడ పొద్దున ఆరింటికి, లోయ మీద వెలుగు పడుతున్నప్పుడు, మీరే ఇచ్చిన ఎం6తోని తీసిన. గీతల్లో స్తంభం లేదు. ఫిల్ము మీద కుడి అంచుకు నిలువునా ఉంది. ఆ రీలులో పదకొండు ఫొటోలు అట్లనే పోయినయ్. మళ్ల ఆ వెలుగు రాలే, తెల్లారి మబ్బు పట్టింది. మీరు ప్రింటుల కోసేసుకుంటరు, మీకు తేడా తెల్వది. నేను కొయ్య.

ఎర్రఫిల్టర్
ఎఫ్3కి నూరు శాతం నిజమే కానీ అందరి దగ్గరా ఎఫ్3 ఉండదు. ఎక్కువమంది మోసే నికాన్ ఎఫ్ఎం2 చూపించేది 93 శాతమే. అంటే దానిలోనూ ఒక ఇటుక కనిపించదు. ఎఫ్3 బ్యాటరీ పోతే మిగిలేది ఒకే ఒక్క అత్యవసర స్పీడు, అది కూడా మరిచిపోకండి. కొండలకోసమే అయితే ఫ్యూజీ 690 చూడు కొత్తరీలూ. అదీ రేంజ్‌ఫైండరే, బ్యాటరీ అవసరమే లేదు, 6x9 సెంటీమీటర్ల పెద్ద నెగెటివ్. రీలుకి ఎనిమిదే వస్తాయి, అందుకని చూసి చూసి తీస్తావు.

కొత్తరీలు
690 కొనే స్తోమత లేదండీ. బెస్సాకి ఎల్ఆర్44 బ్యాటరీలు రెండు పడతాయి, చలికి ఎన్ని జతలు తీసుకెళ్లాలి?

ఎర్రఫిల్టర్
అదే సైజులో సిల్వర్ ఆక్సైడువి, ఎస్ఆర్44, రెండు జతలు కొను. ఆల్కలైన్ చలికి త్వరగా నీరసపడుతుంది. ఒక జత చొక్కా జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకో.

నలుపుతెలుపు
స్తంభం, స్తంభం. ఆరేళ్లుగా వింటున్నాను ఈ స్తంభం గురించి.

1866లో ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు శామ్యూల్ బోర్న్ స్పితి మీదుగా వెళ్లి మణిరంగ్ కనుమ ఎక్కాడు. 18,600 అడుగుల మీద నిలబడి గాజు పలకల మీద ఫొటో తీశాడు. తడి పలకలు, మందు సీసాలు, డేరా అన్నీ మోయడానికి పదుల సంఖ్యలో కూలీలు. ఆ ఫొటోల్లో కొండ ఉంటుంది, మంచు ఉంటుంది. మోసినవాళ్లు ఉంటే కొండ ఎంత పెద్దదో చెప్పే కొలబద్దలా చీమంత కనిపిస్తారు. నువ్వు కోరుకుంటున్నది అదే చూపు. స్తంభం వద్దు, దారి వద్దు, ఊరు వద్దు. అక్కడ మనుషులు బతుకుతున్నారు నాయనా! అసలు మనిద్దరం కలిసి వెళ్లిన రోజు లాంగ్జాలో ఏం జరిగిందో నువ్వు చెప్తావా, నేను చెప్పనా?

కొండదారి
చెప్పండి సార్. నేను దాచేది ఏం లేదు.

నలుపుతెలుపు
చెప్తాను. ఊరి మీదుగా చౌ చౌ కాంగ్ నీల్డా కనిపిస్తుంది, 6,303 మీటర్ల శిఖరం. సాయంత్రం ఎండ దాని మీదే ఉంది. ఇతను ట్రైపాడ్ వేసి, ఎఫ్3 బిగించి, కేబుల్ రిలీజు పట్టుకుని నిలబడ్డాడు. పొలం దారిలో ఒకావిడ బార్లీ మోపు ఎత్తుకుని ఇంటికి వస్తోంది. మోపు ఎంతుందంటే ఆవిడ మోకాళ్ల కిందనుంచే కనిపిస్తోంది. ఇతను డ్రైవరుతో చెప్పించి ఆవిడను ఆపించాడు. ఆవిడ ఊళ్లో, ఆవిడ దారిలో, తలమీద బరువుతో ఉన్న మనిషిని పక్కకు జరగమన్నాడు, కొండ ఖాళీగా కనిపించాలని. ఆ రోజు నుంచి ఇతనితో మళ్లీ ప్రయాణం చెయ్యలేదు. కారణం ఇంతవరకు చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాను.

జోర్కి4
మాస్టారూ, తమ్ముడు అడిగింది కెమెరా గురించి కదా. కొంచెం శాంతించండి.

కొండదారి
ఆగన్నా, మాట్లాడనియ్.

నిజమే. ఆపించిన. "రెండు నిమిషాలు ఆగుతరా అమ్మా" అని అడిగించిన. అది తప్పే అని నాకు అప్పుడు తోచలే, తర్వాత తోచింది. కానీ సార్ సగమే చెప్పిండు. ఆమె మోపు దించింది. దించి రాయి మీద కూసున్నది, నడుం పట్టుకుని, కళ్లు మూసుకున్నది. అప్పుడు సార్ ఏం చేసిండు? ఎం6 మోకాలు మీద పెట్టుకుని, వ్యూఫైండరుల కన్ను పెట్టకుండనే, మూడు మీటర్ల దూరం నుంచి ఆమె ఫొటో తీసిండు. షట్టరు చప్పుడు ఆమెకు వినిపించలే. అడగలే. చెప్పలే. ఆ ప్రింటు ఇప్పుడు సార్ ఇంట్ల హాలు గోడకు ఉంది. వచ్చినోళ్లందరికీ చూపిస్తడు.

నేను ట్రైపాడ్ వేస్తే ఊరు మొత్తం చూస్తది. ఏం తీస్తున్ననో అందరికీ తెలుస్తది. వద్దంటే మడత పెట్టుకుని పోత. మీ చిన్న కెమెరా గొప్పతనం ఏందంటే ఎదుటి మనిషికి తెల్వకపోవుడే. తేలిక, చప్పుడు లేదు, అరచేతిల దాగుతది అని మీరు మురిసిపోయేది దానికే.

మా అమ్మ జగిత్యాలలో బీడీలు చుట్టేది. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు ఎవరో వచ్చి గల్లీల తిరిగి ఫొటోలు తీసుకుని పోయిన్రు. నెల తర్వాత ఒక పేపర్ల మా అమ్మ ఫొటో వచ్చింది. జాకెట్ భుజం కాడ చిరిగి ఉంది, ఒళ్లో చాట, కింద "దుర్భర జీవితాలు" అని రాసిన్రు. మా అమ్మ ఆ పేపర్ మడిచి పెట్టెల బట్టల కింద దాచింది, పారెయ్యలే. పెండ్లికి పిలిస్తే పోవుడు మానేసింది కొన్ని రోజులు. గంతే సార్. కొండ ఖాళీగా ఎందుకు తీస్తవ్ అని అడిగిన్రు కదా. కొండకు సిగ్గు ఉండది, అందుకు.

పలాసవాడు
ఎప్పుడూ రాయను, ఇవాళ రాస్తున్నాను. కిన్నౌర్‌లో రెండేళ్లు రోడ్డు పనిలో ఉన్నాను. అలాంటి కరెంటు స్తంభం మంచుకు ఒరిగితే పై ఆఫీసు నుంచి మనుషులు వచ్చేదాకా ఆగరు అక్కడివాళ్లు. నడుంలోతు మంచులో తాడు కట్టి ఊరివాళ్లే లాగి నిలబెట్టడం చూశాను. ఆడవాళ్లూ తాడు పట్టారు. దాని ఫొటో ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యలేదు, నా దగ్గర కెమెరా లేదు. స్తంభం ఫ్రేములో ఉంటే నాకు ఆ తాడే గుర్తొస్తుంది. అందువల్ల అది ఉన్న ఫొటోయే నాకు ఇవ్వండి కొండదారి గారూ, పదకొండులో ఒకటి.

నలుపుతెలుపు
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

నాకు ఇరవై ఆరేళ్లు స్టూడియో ఉండేది. "ఇటు చూడండి, గడ్డం ఎత్తండి, నవ్వండి" అని లక్షసార్లు అని ఉంటాను. అడిగిన మరుక్షణం మనిషి ముఖం మూసుకుపోతుంది, ఒక ముసుగు వచ్చి కూర్చుంటుంది. స్టూడియో మూసేశాక మళ్లీ ఎవరినీ అలా అడగకూడదనుకున్నాను. ఎం6 చేతిలో పట్టుకుని తిరిగేది అందుకే. లాంగ్జాలో ఆవిడ ముఖంలో ముసుగు లేదు. అది నిజం. నిజాన్ని తియ్యడం తప్పంటే ఒప్పుకోను, ఇప్పటికీ.

కానీ ఆవిడ కూర్చున్నది నువ్వు ఆపినందువల్ల. నేను తీసింది అలా ఆపినందువల్ల పుట్టిన అలసటనే. ఆ మాట నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. గోడ మీది ప్రింటు పొద్దున తీసి చూశాను. కుడి అంచున, ఫ్రేము బయట ఉన్నదనుకున్న చోట, నీ ట్రైపాడ్ కాలు ఒకటి వచ్చింది. ప్రింటు వేసేటప్పుడు కోసేశాను. నెగెటివ్‌లో ఉంది.

కొండదారి
అది కోయకుండ ఉండాల్సింది సార్.

నలుపుతెలుపు
అవును. పూర్తి నెగెటివ్‌తో మళ్లీ వేస్తాను, నల్ల అంచు కనిపించేలా, 8x10 అంగుళాలు. కొత్తరీలూ, నువ్వు లాంగ్జా వెళ్తున్నావు కదా. నీ అడ్రసు నాకు విడిగా పంపు. బుద్ధుడి విగ్రహం కింద ఊళ్లోకి దిగే దారిలో ఇల్లు. ఆవిడ పేరు నాకు తెలియదు.

కొండదారి
దారికి ఎడమ పక్క, మూడో ఇల్లు. కిటికీలకు నల్లరంగు అంచు, ముందర రాతి గోడ. డ్రైవరు ఆమెను ఇంటి దాక దింపి వచ్చిండు, మోపు బండిల ఏసుకుని. నేనే పొమ్మన్న.

కానీ సార్, ప్రింటు ఇచ్చినంత మాత్రాన అడిగినట్టు కాదు. తమ్మీ, ఫొటో ఆమె చేతిల పెట్టి, ఇంకా ఎక్కడ పెట్టిన్రో చెప్పు. హాలు గోడ సంగతి కూడా చెప్పు. వద్దంటే సార్ గోడ మీదినుంచి తీసెయ్యాలె. తీసేస్తరా?

నలుపుతెలుపు
తీసేస్తాను. నెగెటివ్ మాత్రం ఇవ్వను.

కొండదారి
నెగెటివ్ గురించి మళ్ల మాట్లాడుకుందం.

కొత్తరీలు
అడ్రసు పంపాను మాస్టారూ. ప్రింటు వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపండి, బ్యాగులో వెనక అరలో పెట్టుకుంటాను. బెస్సా ఒక్కటే తీసుకెళ్తున్నాను. 35 లెన్సుతో మా అపార్టుమెంటు ఎదురు గోడ మీద ఇటుకలు లెక్కపెట్టడం నిన్న మొదలుపెట్టాను, రీలు ఇంకా కడగలేదు.