పగలు పళ్లు బిగించేవాళ్లకు రాత్రి గార్డు ఎందుకు?

మిర్చియార్డు గుమాస్తా:
గుంటూరు యార్డులో కమీషన్ కొట్లో పద్దులు రాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది, తలెత్తే తీరిక ఉండదు. ఈ రోజుల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి నా చెంపలు బస్తాలు మోసినట్టు అలిసిపోతున్నాయి. కణతల్లో నొప్పి, ముద్ద నమలాలంటే బరువు. చెవిపోటు అనుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే, చెవి శుభ్రంగా ఉంది, పళ్లు చూపించుకోమన్నారు. పళ్ల డాక్టరు నా బుగ్గ లోపలి తెల్లటి గీతనూ, నాలుక అంచున పడిన పళ్ల అచ్చులనూ అద్దంలో చూపించి, పళ్లు బిగిస్తున్నారన్నారు. రాత్రి పళ్లకు తొడుక్కుని పడుకోవడానికి గార్డు, అంటే ఒక తొడుగు, చేయించుకోవాలట, ఆరు వేలు. రాత్రి నేను పళ్లు కొరకనని మా ఆవిడ ఒట్టేసి చెబుతోంది. పొద్దున లేస్తే దవడ హాయిగానే ఉంటుంది. పగలు చేసిన తప్పుకు రాత్రి శిక్ష ఏమిటి? దండగ కాదంటారా?

పటమట పంతులమ్మ:
దండగ అనకండి. నేనూ ఇలాగే లెక్కలు వేసుకుని రెండేళ్లు వాయిదా వేశాను. కింది పన్ను అంచు ఎగిరిపోయింది. రూట్‌కెనాల్, క్యాప్ కలిపి గార్డు ధరకు రెండింతలు వదిలింది. గార్డు పెట్టుకున్నాక ఇంకో పన్ను పోలేదు. అయినా మీ ఆవిడ నిద్ర మానుకుని మీ పళ్లకు కాపలా కాస్తున్నారా, సాక్ష్యం చెప్పడానికి?

ఆటోనగర్ మెకానిక్:
అసలు లోపం పళ్ల వరుసలో ఉంటుంది. ఎత్తుగా ఉన్న పన్నును కాస్త అరగదీయిస్తే దవడ దానంతటదే కుదురుకుంటుంది. ఇంజనులో వాల్వు కుదరకపోతే శబ్దం రాదా?

కొత్తపేట దంతవైద్యుడు:
మెకానిక్ గారూ, వాల్వు పోతే కొత్తది దొరుకుతుంది, అరగదీసిన ఎనామెల్ మళ్లీ పెరగదు. కొత్తగా వేసిన క్యాపు ఎత్తుగా తగులుతుంటే సరిచేయాలి, అది వేరే సంగతి. బిగింపు మాన్పించడానికి సొంత పళ్లు అరగదీయడం మంచిది కాదు.

గుమాస్తా గారి ప్రశ్న సరైనదే. నిద్రలో బిగించేవారికి ఎక్కువగా పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉంటుంది. సాయంత్రానికి ముదిరే నొప్పి పగటి అలవాటు వైపు వేలు చూపిస్తుంది. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ రెంటినీ విడివిడిగా నిర్వచించింది. ఆరోగ్యవంతుల్లో దీన్ని రోగం అనకుండా కండరాల ప్రవర్తన అంది. దవడ ఊరికే ఉన్నప్పుడు పెదవులు మూసి ఉన్నా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. గట్టిగా నొక్కనక్కరలేదు, గంటల తరబడి తాకించి ఉంచినా కండరం అలుస్తుంది. మీ యార్డు హమాలీలనే అడగండి, బస్తా ఎత్తి దించడం కష్టమా, ఎత్తి పట్టుకుని నిలబడటం కష్టమా అని.

గార్డు పంటికి కవచం. పంతులమ్మ గారి పన్నును కాపాడి ఉండవచ్చు, కాదనను. కానీ పెట్టెలో ఉన్న గార్డు పగటి అలవాటును మాన్పించదు.

పటమట పంతులమ్మ:
పగలు గుర్తుపెట్టుకుని దవడ వదలమంటారు, అంతేగా? ఏడో తరగతి పిల్లలు నలభై మంది ముందు నిలబడితే నాకు నా పేరే గుర్తుండదు. గార్డుకు నా జ్ఞాపకశక్తితో పనిలేదు.

కొత్తపేట దంతవైద్యుడు:
అందుకే జ్ఞాపకశక్తికి వదలకండి. కంటపడేచోట ఒక గుర్తు పెట్టుకోండి. అది కనిపించినప్పుడల్లా 'ల' అనండి. నాలుక కొన పై పళ్ల వెనక ఆనుతుంది, పళ్లు విడిపోతాయి. పెదవులు మూసి, దవడను అలాగే వదిలేయండి. చూయింగ్‌గమ్ 'వ్యాయామం' మాత్రం వద్దు, అలిసిన కండరానికి అదనపు చాకిరీ అది. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా బిగింపు రావచ్చు. వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా, రాసిన డాక్టరుకు చెప్పండి. నోరు తెరుచుకోకుండా పట్టేస్తే వాయిదా వేయకండి.

మిర్చియార్డు గుమాస్తా (రెండు వారాల తర్వాత):
మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి కాలిక్యులేటర్ మూలన అంటించాను. మొదటి రోజు చూసిన ప్రతిసారీ పళ్లు కలిసే ఉన్నాయి, సిగ్గేసింది. మొత్తం సరిపోనప్పుడు మరీ ఎక్కువ. పెన్ను మూత కూడా పళ్ల మధ్యే పెట్టుకుంటున్నానని అప్పుడే తెలిసింది. యార్డు సెలవు రోజున నొప్పే లేదు. ఇప్పుడు సాయంత్రం ముద్ద తేలిగ్గా దిగుతోంది, కణతలు మాత్రం ఇంకా లాగుతున్నాయి. అరుగుదల ఉందేమో చూడమని డాక్టరును మళ్లీ అడుగుతాను. ఉంటే గార్డు సంగతి అప్పుడు ఆలోచిస్తాను.

ఆటోనగర్ మెకానిక్:
బొట్టుబిళ్లతో వైద్యమా!

పటమట పంతులమ్మ:
నవ్వకండి. నల్లబల్ల మూలన నేనూ ఒకటి అంటించాను. గార్డు మాత్రం తీయను.