డీఆర్ 650లో మార్పులు: ముందు ఇంజనా, సస్పెన్షనా?

ప్రశ్న

నమస్కారం. నేను సుజుకి డీఆర్ 650 ఎస్‌ఈ నడుపుతున్నాను. 1996లో ఈ రూపానికి వచ్చి, ఆ తర్వాత పెద్దగా మారని మోడల్ ఇది. 644 సీసీ సింగిల్ సిలిండర్, గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడే ఇంజన్, అయిదు గేర్లు, ముందు 21 అంగుళాల చక్రం, వెనుక 17 అంగుళాల చక్రం. హెల్మెట్, బూట్లు, జాకెట్‌తో కలిపి నా బరువు 95 కిలోలు. దూర ప్రయాణాల్లో వెనుక క్యారియర్ మీద మరో 20 కిలోల సామాను కడతాను. తారు రోడ్డు మీద ఎంత నడుపుతానో, కంకర దారుల్లోనూ అడవి బాటల్లోనూ దాదాపు అంతే నడుపుతాను.

సామాను కట్టినప్పుడు వేగం 90 కిలోమీటర్లు దాటితే హ్యాండిల్ సన్నగా ఊగడం మొదలవుతుంది. కంకర మలుపుల్లో ముందు చక్రం పట్టు వదిలి మలుపు బయటికి జారుతుంది. లోతైన గుంతలో పడినప్పుడు వెనుక షాక్ పూర్తిగా దిగిపోయి ఠప్పుమని తగులుతుంది. రాళ్ల ఎక్కుడు దారిలో మొదటి గేరు కూడా వేగంగానే ఉండటం వల్ల క్లచ్ సగం పట్టుకునే ఎక్కవలసి వస్తోంది, అక్కడ థ్రాటిల్ తిప్పితే ఇంజన్ ఒక్క క్షణం తడబడి ఆ తర్వాతే అందుకుంటోంది.

ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) పైభాగం తెరిపించి, థ్రాటిల్ తిప్పగానే పెట్రోలు చిమ్మే పంపు ఉన్న ఫ్లాట్ స్లైడ్ కార్బురేటర్, తేలికైన సైలెన్సర్ వేయించాలని అనుకుంటున్నాను. ఆ మూడింటికీ ఖర్చు పెడితే ఈ ఏడాది సస్పెన్షన్‌కు ఏమీ మిగలదు. దేనితో మొదలుపెట్టమంటారు? ఎందుకో కూడా వివరిస్తే మేలు.

మొదటి జవాబు

మీరు చెప్పిన ఇబ్బందుల్లో మొదటి మూడూ ఇంజన్‌కు సంబంధించినవి కావు. బండి మోయవలసిన బరువుకూ దాని స్ప్రింగులకూ పొంతన కుదరకపోవడమే వాటికి మూలం. మట్టి దారిలో చాలామంది పవర్ చాలడం లేదని అనుకునే సందర్భాల్లో నిజానికి ఉన్న పవర్‌నే నేల మీద పెట్టలేకపోతుంటారు. వెనుక చక్రం గతుకు గతుకుకూ ఎగిరి, ముందు చక్రం ఎటు పోతుందో తెలియని స్థితిలో ఎవరి చేయీ థ్రాటిల్‌ను పూర్తిగా తిప్పదు. కాబట్టి మొదట సస్పెన్షన్, అందులోనూ మొదట స్ప్రింగులు.

అయితే ఏదైనా కొనే ముందు కొలవండి. దీనికి టేపు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. వెనుక చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండు మీద ఎత్తి, యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా పైన ఒక గుర్తు పెట్టుకుని ఆ దూరం కొలవండి. తర్వాత బండిని తన చక్రాల మీద నిలిపి, సీటును రెండుమూడు సార్లు నొక్కి వదిలి, అదే దూరం మళ్లీ కొలవండి. చివరగా హెల్మెట్, బూట్లు, జాకెట్ అన్నీ వేసుకుని, ఎప్పుడూ కట్టే సామానుతో మీరు ఎక్కి కూర్చోండి. తోడున్నవారు ముందు నుంచి హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలపాలి. మూడో కొలత తీసుకోండి. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే బండి తన బరువుకే ఎంత దిగుతుందో, మూడోది తీసేస్తే మీతో కలిపి ఎంత దిగుతుందో వస్తుంది.

మీ బండిలో వెనుక చక్రం కదలిక 260 మిల్లీమీటర్లు. మీరు ఎక్కినప్పుడు అందులో మూడో వంతుకు కాస్త తక్కువగా, అంటే 80 నుంచి 85 మిల్లీమీటర్లు దిగాలి. ఖాళీ బండి 25 నుంచి 35 మిల్లీమీటర్లు దిగాలి. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది, ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు.

హ్యాండిల్ ఊగడానికి కూడా ఇదే కారణం కావచ్చు. వెనుక భాగం కుంగితే ఫోర్క్ కోణం వాలిపోతుంది, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, పైగా క్యారియర్ మీది సామాను వెనుక యాక్సిల్‌కు అవతల, ఎత్తులో ఉంటుంది. సామానులో బరువైనవాటిని సీటుకు దగ్గరగా, కిందికి, రెండు పక్కల సంచుల్లోకి మార్చి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు. అలాగే ముందు చక్రాన్ని గాల్లోకి ఎత్తి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు అరిగాయని అర్థం. అప్పుడు ఏ స్ప్రింగు వేసినా ఆ ఊపు పూర్తిగా పోదు.

రెండో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మీ నాలుగో ఇబ్బందికి వేరే మందు ఉంది. దానికి కొత్త కార్బురేటర్ కూడా అవసరం లేకపోవచ్చు.

కంపెనీ ఇచ్చిన స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) ముందు 15 పళ్లు, వెనుక 42 పళ్లు, అంటే నిష్పత్తి 2.80. ముందు 14 పళ్లది వేస్తే 3.00 అవుతుంది, ప్రతి గేరూ 7 శాతం పొట్టిదవుతుంది. ఇంతకుముందు 100 వేగంలో ఉండే ఇంజన్ తిరుగుడు ఇప్పుడు 93 దగ్గరే వస్తుంది. రాళ్ల ఎక్కుడులో క్లచ్ వదిలేసి మెల్లగా ఎక్కడానికి ఈ తేడా బాగా తెలుస్తుంది. రోడ్డు ప్రయాణాలు ఎక్కువైన రోజుల్లో 15 పళ్లది తిరిగి వేసుకోవచ్చు. ఒక పన్ను తగ్గితే చైన్‌లో సగం పిచ్ (ఒక లంకె పొడవులో సగం) వదులవుతుంది, కాబట్టి చక్రాన్ని సుమారు 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది, చైన్ మార్చనక్కరలేదు. చిన్న స్ప్రాకెట్ మీద చైన్ మరింత మెలిక తిరగడం వల్ల అరుగుదల పెరుగుతుంది, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది రబ్బరు పట్టీకి కూడా ఎక్కువగా రాసుకుంటుంది. కనుక ఆ పట్టీ మందాన్ని అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. ఈ బండిలో స్పీడోమీటర్ ముందు చక్రం నుంచి నడుస్తుంది కాబట్టి అంకెలు మారవు. గేర్‌బాక్స్ నుంచి వేగం చదివే బళ్లలో మాత్రం తప్పు చూపిస్తుంది.

ఇక ఇంజన్ తడబాటు గురించి. మీ బండిలో ఉన్నది మికుని బీఎస్‌టీ 40. ఇందులో థ్రాటిల్ వైరు స్లైడ్‌ను (గాలి దారిని తెరిచి మూసే ముక్కను) నేరుగా ఎత్తదు. ఇంజన్ లాగే గాలి వల్ల పుట్టే పీడన భేదం దాన్ని ఎత్తుతుంది. అందువల్ల స్పందన మృదువుగా ఉంటుంది కానీ కాస్త ఆలస్యంగా వస్తుంది. పైగా కాలుష్య నిబంధనల కోసం ఐడిల్ దగ్గర మిశ్రమాన్ని పెట్రోలు తక్కువగా ఉండేలా ఫ్యాక్టరీలోనే బిగించి, చాలా దేశాల్లో ఆ స్క్రూ మీద చిన్న లోహపు మూత కొట్టి పంపుతారు. ఆ స్క్రూను కొద్దిగా తెరిచి, నీడిల్ (స్లైడ్‌తో పాటు లేచి పెట్రోలు దారిని తెరిచే సూది) క్లిప్పు కింద అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందం గల వాషర్ వేసి నీడిల్‌ను పైకి లేపితే, థ్రాటిల్ మూసినప్పుడు సైలెన్సర్‌లో వచ్చే పటపటలూ, తెరిచినప్పుడు వచ్చే తడబాటూ చాలావరకు పోతాయి.

ఎయిర్‌బాక్స్ తెరిచారంటే మెయిన్ జెట్ (పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రపు ముక్క) కూడా పెద్దది వేయాల్సిందే. గాలి పెంచి పెట్రోలు పెంచకపోతే పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, గాలితో చల్లబడే ఇంజన్‌కు అది మరీ చేటు. మరో మాట: ఎత్తయిన కొండ దారులకు వెళ్లేవారు ప్రతి 300 మీటర్లకు గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. కార్బురేటర్ ఆ తేడాను తనంతట తాను పూర్తిగా సర్దుకోలేదు, కాబట్టి మైదానంలో అంచు మీద పెట్టుకున్న పెద్ద జెట్ కొండ మీద పొగ కక్కిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కొలిచాను. ఖాళీ బండి వెనుక 10 మిల్లీమీటర్లే దిగింది, సామానుతో నేను ఎక్కితే 98 దిగింది. షాక్ స్ప్రింగు మీది రింగును ఇంతకుముందే చాలా బిగించి ఉంచాను. ఖాళీగా ఉన్నప్పుడు ఇంత గట్టిగా నిలబడుతున్న స్ప్రింగును మెత్తనిదని అనవచ్చా? స్టీరింగ్ బేరింగుల్లో గాడి ఏమీ తగల్లేదు. ముందు ఫోర్క్‌కు స్ప్రింగులు మార్చకుండా చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

మీ రెండు అంకెలే సమాధానం చెబుతున్నాయి. స్ప్రింగు మీ బరువుకు మెత్తనిదే. రింగు బిగించినంత మాత్రాన స్ప్రింగు గట్టిపడదు. దాన్ని ముందుగానే నొక్కి ఉంచడం మాత్రమే జరుగుతుంది. ఆ ముందు ఒత్తిడిని ఖాళీ బండి బరువు కొద్దిగానే దాటింది కాబట్టి 10 మిల్లీమీటర్ల దగ్గరే ఆగింది. మీరు ఎక్కగానే బరువు దాన్ని బాగా దాటిపోయి, మెత్తని స్ప్రింగు తన సహజమైన తీరులో చాలా దూరం దిగింది. సరైన స్ప్రింగు వేస్తే రింగును ఇంతగా బిగించే పని ఉండదు, అప్పుడు ఖాళీ బండి కాస్త ఎక్కువ దిగుతుంది, మీరు ఎక్కితే తక్కువ దిగుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఖాళీ బండి గట్టిగా నిలబడటం చూసి ఇంకా మెత్తని స్ప్రింగు కొన్నవారు కూడా ఉన్నారు. ఇప్పటి స్థితిలో ఇంకో నష్టం కూడా ఉంది: సామాను దించి తేలిగ్గా వెళ్లే రోజున చక్రం గుంతలోకి దిగడానికి చోటు మిగలదు, కాబట్టి అది నేలను వదిలేస్తుంది.

చిక్కటి ఆయిల్ మాత్రం వద్దు. మీ ఫోర్క్ డ్యాంపింగ్ రాడ్ రకానిది. ఆయిల్ కొన్ని స్థిరమైన రంధ్రాల గుండా పోవడం వల్లే నిరోధం పుడుతుంది, ఆ నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫోర్క్ కదిలే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం మెత్తగా మునుగుతుంది, అదే ఫోర్క్ చదరపు అంచున్న రాయిని గుద్దినప్పుడు కర్రలా గట్టిపడి చేతులకు దెబ్బ కొడుతుంది. చిక్కటి ఆయిల్ మొదటిదాన్ని కొంచెం తగ్గించి రెండోదాన్ని బాగా పెంచుతుంది. స్ప్రింగులు మార్చాక కూడా ఆ దెబ్బ ఇబ్బంది పెడితే ఎమ్యులేటర్లు వేయించండి. రాడ్ మీద కూర్చునే స్ప్రింగు వాల్వులు అవి. రాడ్‌లోని కంప్రెషన్ రంధ్రాలను పెద్దవి చేసి, ఆయిల్‌ను అదుపు చేసే పనిని ఆ వాల్వుకు అప్పగిస్తారు. ఒత్తిడి మితిమీరినప్పుడు వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వదిలేస్తుంది కాబట్టి రాయి దెబ్బ చేతుల దాకా రాదు.

ఆయిల్ మట్టాన్ని కూడా పనిముట్టుగా వాడుకోవచ్చు. స్ప్రింగులు తీసి, ఫోర్క్‌ను పూర్తిగా దించి, ట్యూబ్ పై అంచు నుంచి ఆయిల్ దాకా ఉన్న ఖాళీని కొలుస్తారు. ఆ ఖాళీని 10 మిల్లీమీటర్లు తగ్గిస్తే మొదటి సగం కదలికలో తేడా దాదాపు తెలియదు, చివరి భాగంలో మాత్రం లోపలి గాలి మరింత నొక్కుకుని అడుగు తగలకుండా ఆపుతుంది.

వెనుక స్ప్రింగు ఒక్కటే మార్చి ముందువాటిని వదిలేయకండి. వెనుక లేచి ముందు కుంగితే స్టీరింగ్ మరీ చురుకై, ఊపు తగ్గడానికి బదులు పెరగవచ్చు. ముందు 65 నుంచి 75 మిల్లీమీటర్లు దిగేలా చూసుకోండి. ఆ తర్వాత కూడా కంకర మలుపులో ముందు చక్రం జారితే ఫోర్క్ ట్యూబులను క్లాంపుల్లో 5 మిల్లీమీటర్లు పైకి జరిపి చూడండి. ఒకేసారి ఎక్కువ జరపవద్దు.

మూడో జవాబు

ఇంజన్‌ను ముట్టుకునే ముందు ఒక పని చెబుతాను. ఈ మోడల్‌లో న్యూట్రల్ స్విచ్‌ను పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు క్లచ్ వెనుక, ఇంజన్ లోపల ఉంటాయి. అవి వదులై గేర్లలో పడే ప్రమాదం ఉందని ఈ బండిని ఏళ్ల తరబడి నడిపేవారందరికీ తెలుసు. క్లచ్ విప్పినప్పుడు వాటికి లాక్ వైరు కట్టించండి లేదా శుభ్రం చేసి థ్రెడ్ లాకర్ వేయించండి. కవాసాకి కేఎల్‌ఆర్ 650 పాత మోడళ్లలో బ్యాలెన్సర్ చైన్‌ను బిగువుగా ఉంచే లివర్‌ను ముందే మార్చుకునేవారు కూడా ఇదే కారణంతో చేస్తారు. ఉన్న బలహీనతను సరిచేయకుండా ఇంజన్ మీద భారం పెంచడం నాకు సబబుగా తోచదు.

అయితే పంపు ఉన్న కార్బురేటర్‌ను అనవసరమని కొట్టిపారేయడాన్ని నేను ఒప్పుకోను. కెయిహిన్ ఎఫ్‌సీఆర్ 39 వంటివాటిలో థ్రాటిల్ తిప్పిన క్షణంలోనే పెట్రోలు చిమ్ముతుంది. అడ్డంగా పడిన దుంగను దాటేటప్పుడు ముందు చక్రాన్ని లేపడానికి ఆ క్షణమే కావాలి. నీడిల్ సర్దుబాటుతో తడబాటు పోతుంది కానీ ఆ చురుకుదనం రాదు. మీరు అడవి బాటల్లో ఎక్కువగా తిరిగితే వచ్చే ఏడాది దాని గురించి ఆలోచించండి. ఎయిర్‌బాక్స్, సైలెన్సర్ మార్పులు రోడ్డు మీద నడిపే బండికి చాలా చోట్ల చట్టవిరుద్ధం, మీ దగ్గరి నిబంధన చూసుకోండి. శబ్దం పెరిగితే అడవి బాటల్లోకి బళ్లను రానివ్వడం మానేస్తారు, దానివల్ల నష్టపోయేది మనమే.

టైర్ల గాలి గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రోడ్డుకు పెట్టే గాలితోనే కంకరలోకి దిగితే ముందు చక్రం జారడం సహజం. మట్టి దారిలో ఇంత బరువున్న బండికి 18 నుంచి 20 పీఎస్‌ఐ దగ్గర పట్టు బాగుంటుంది. అంతకన్నా తగ్గించేవారు రిమ్ లాక్ (టైరును రిమ్‌కు నొక్కి పట్టే బిగింపు) తప్పక వేసుకోవాలి, లేకపోతే టైరు రిమ్ మీద తిరిగి ట్యూబు వాల్వును మొదలంటా కోసేస్తుంది. తారు రోడ్డు ఎక్కే ముందు గాలి తిరిగి నింపుకోవడానికి చిన్న పంపు వెంట ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఈ ఏడాది ముందూ వెనుకా స్ప్రింగులు, 14 పళ్ల స్ప్రాకెట్, నీడిల్ సర్దుబాటు, న్యూట్రల్ స్విచ్ స్క్రూలు చేయిస్తాను. చివరిగా ఒక సందేహం. కొత్త స్ప్రింగు వేశాక చైన్ వదులును మునుపటి కొలతకే పెట్టుకోవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు

పెట్టుకోకండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనుక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. కొత్త స్ప్రింగుతో బండి నిలబడే ఎత్తు మారుతుంది కాబట్టి సైడ్ స్టాండు మీద కొలిచిన పాత అంకె ఇక పనికిరాదు. ఇద్దరు సీటు మీద కూర్చుని, లేదా పట్టీతో వెనుక భాగాన్ని కిందికి లాగి, ఆ మూడింటినీ ఒక గీతలోకి తెచ్చి, అక్కడ చైన్‌లో కొద్దిపాటి వదులు మిగిలేలా బిగించండి. తర్వాత బండిని మామూలుగా నిలిపి అప్పుడు వదులు ఎంత వచ్చిందో కొలిచి రాసిపెట్టుకుంటే, ఇకపై ప్రతిసారీ ఆ అంకెకే సరిచేసుకోవచ్చు.