‘గొడ్డేరి’యా, ‘గొడ్డేటి’యా?

బ్రాడీపేట, గుంటూరు: మిర్చి యార్డు దగ్గర టీ తాగుతుంటే ధరల మీద వాదన వచ్చింది. ‘ధరను మార్కెట్టుకే వదిలేయాలి. కౌలు బేరం కుదుర్చుకున్నది రైతే కదా’ అన్నారు ఒక కమీషన్ వ్యాపారి. నాకు శ్రీనాథుడి చాటువు గుర్తొచ్చింది. కౌలుకు పట్టిన పొలం కృష్ణ వరదకు పోయి, ఏడు వందల టంకాల (నాణేల) గుత్త ఎలా కట్టాలని వాపోయిన పద్యం. ‘బొడ్డుపల్లెను గొడ్డే... మోసపోతి’. అక్కడ ‘రి’యా, ‘టి’యా?

సత్యనారాయణపురం, విజయవాడ: ‘గొడ్డేరి’. ఏరి, అంటే కోరి ఎంచుకుని. గొడ్డు నేలను తానే ఏరుకున్నాడు. మీ వ్యాపారికి శ్రీనాథుడే సాక్షి.

అరండల్‌పేట, గుంటూరు: అంత తొందర వద్దు మాస్టారూ. మా తాతగారు ‘గొడ్డేటి’ అనే చదివేవారు. ‘కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము’ అన్నాక ఏటి ఒడ్డు నేలే కుదురుతుంది. పల్నాటి పద్యంలోనూ ‘నాగులేటి నీళ్ళు’ అన్నాడు, ‘నాగులేరి’ అనలేదు.

సత్యనారాయణపురం: మీ సాక్ష్యం నాకే పనికొస్తుంది. నది ఏఱు, బండి ఱ, అందుకే ‘ఏటి’ అవుతుంది. ఇక్కడ నది ఉంటే ‘టి’ వచ్చి తీరాలి. నేను చూసిన అచ్చు ప్రతుల్లో ‘రి’యే ఉంది. కనుక ఆ మాటలో నది లేదు.

గవర్నర్‌పేట, విజయవాడ: అక్షరం సరే, లెక్క చూడండి. ‘టంకంబు లేడు నూర్లు’ అంటే పంట పండినా పండకపోయినా ఇవ్వాలని ముందే ఖాయం చేసిన గుత్త. పంటలో వాటా పద్ధతిన, పాలుకు చేసి ఉంటే వరద నష్టం ఇద్దరూ పంచుకునేవారు. గుత్తలో అంతా సాగుదారు నెత్తినే. పైగా బాకీ ఏలికకు, అంటే రాజుకు. కట్టలేకపోతే కాళ్ళకు నిగళాలు (సంకెళ్ళు), భుజాన నల్లగుండు, ముంజేతికి వెదురుగొడియ. సర్కారు జోక్యం వద్దనేవారు ఈ వసూలు జోక్యాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోరు? తానే ఏరుకున్నా సరే, అది సమానుల బేరం కాదు.

బ్రాడీపేట: ఆ కమీషన్ వ్యాపారితో నేననవలసింది ఇదే! మిర్చికి కనీస మద్దతు ధర లేదు. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలాక కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆయన దృష్టిలో అదీ తప్పే.

వన్‌టౌన్, విజయవాడ: మీరు క్వింటాళ్ళలోకి వెళ్ళిపోయారు. నాకైతే ఆయన మరో చాటువులో ‘కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి, రత్నాంబరంబు లే రాయడిచ్చు’ అన్న పాదం దగ్గరే గొంతు పూడుకుపోతుంది. తనను పోషించిన వీరారెడ్డి చనిపోయాడు, ఇక పట్టుబట్టలు ఏ రాజు ఇస్తాడని. కనకాభిషేకం చేయించుకున్న కవి! ఇచ్చే రాయలు పోయారు గనుకనే నువ్వులూ పెసలూ నమ్ముకున్నాడు. అవీ ‘బిలబిలాక్షులు తినిపోయె’. ఆ మాటలోనే పిట్టల గుంపు వాలిన చప్పుడు వినిపిస్తుంది. అంత నష్టంలోనూ ఆ చెవి చెడలేదు.

గవర్నర్‌పేట: పోషణ పోయి విపణిలో పడ్డ తొలి తెలుగు కవి అంటారా?

వన్‌టౌన్: అనను. గుత్త ఇచ్చిందీ, గుండు మోయించిందీ రాజ్యమే అని మీరే అన్నారు కదా.

అరండల్‌పేట: అవన్నీ ఒప్పుకుంటాను. ఏలిక నేల గుత్తకిస్తే గొడ్డు నేలను కవి కోరి ఎందుకు ఏరుకుంటాడు? అది చెప్పేదాకా నేను ‘టి’ వదలను.

సత్యనారాయణపురం: చూడగానే గొడ్డు నేలని తెలిస్తే ‘మోసపోతి’ అంటాడా? ‘రి’ ఉంటేనే ఆ మాటకు బలం.