ఇద్దరు లేకుండా వచ్చిన ఆల్బం మాసివ్ ఎటాక్‌దేనా?

గోపాలపూర్ అల (బరంపురం):
బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరానికి చెందిన ముగ్గురి బ్యాండు మాసివ్ ఎటాక్ నాలుగో ఆల్బం ‘హండ్రెడ్త్ విండో’ రాత్రి మళ్ళీ విన్నాను. 2003లో వచ్చింది. ముగ్గురిలో మష్రూమ్ 1999లోనే బయటికి వెళ్ళిపోయాడు, డాడీ జీ ఈ ఆల్బం పనిలో కలవలేదు. మిగిలిన త్రీడీ ఒక్కడే నిర్మాత నీల్ డేవిడ్జ్‌ను పక్కన పెట్టుకుని పూర్తి చేశాడు. నాకు నచ్చింది. అయితే దీన్ని బ్యాండు ఆల్బం అనాలా, ఒక్కడి ఆల్బం అనాలా?

నాగావళి (రాయగడ):
ఒక్కడిదే. ఇందులో సందేహం ఎందుకు? 1991 నాటి వాళ్ళ మొదటి ఆల్బం ‘బ్లూ లైన్స్’ వినండి. పాత రికార్డుల నుంచి ముక్కలు ఏరి తెచ్చి కుట్టిన బొంత అది. మష్రూమ్, డాడీ జీ ఇద్దరూ రికార్డులు తిప్పిన డీజేలు. వాళ్ళు లేని ఈ ఆల్బంలో అలా అరువు తెచ్చిన ముక్క, అదే శాంపిల్, ఒక్కటీ లేదు. వండేవాళ్ళు వెళ్ళిపోయారని పొయ్యే పీకేశారు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
శాంపిల్ లేకపోతే బ్యాండు కాదా? ఆ చీకటి, ఆ గిటార్ల రాపిడి 1998లో మూడో ఆల్బం ‘మెజనీన్’తోనే మొదలయ్యాయి. అది గిట్టకే కదా మష్రూమ్ వెళ్ళింది! అంతకు ముందు వాళ్ళతో పాడిన షారా నెల్సన్ మొదటి ఆల్బంతోనే వెళ్ళిపోయారు, రెండోదాని తరువాత ర్యాపర్ ట్రికీ వెళ్ళాడు. అప్పుడు పేరు మార్చమని ఎవరూ అడగలేదు. మొదటి నుంచీ ఉన్న హొరేస్ ఆండీ గొంతు ఇందులోనూ ఉంది. మా పర్లాకిమిడి 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్ళింది. ఊరి పేరు మార్చుకున్నామా?

ప్రాణహిత (సిరొంచ):
షినేడ్ ఓకానర్ పాడిన మూడు పాటల కోసమైనా వినాలి. మిగతా తగవు నాకు పట్టదు.

నాగావళి:
మీ ఊరు ఎక్కడికీ వెళ్ళలేదండీ, సరిహద్దు జరిగింది. ఇక్కడ వెళ్ళింది మనుషులు. ముందు శాంపిల్స్ సంగతి చెప్పండి.

మహేంద్రగిరి:
ఎన్నిసార్లు చెప్పాలి? ముక్కలు కుట్టడం మానేసి పొరలు పేర్చారు. మంచి హెడ్‌ఫోను పెట్టుకుని ‘బటర్‌ఫ్లై కాట్’లో తీగవాద్యాలు వినండి. బ్రిటన్‌లో ఈ ఆల్బం అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. వాళ్ళందరూ చెవిటివాళ్ళా?

నాగావళి:
పేరు చూసి కొన్నారు! నా మంట అదే. మేము ముగ్గురం రాయగడలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా పెట్టాం. తెలుగు పెళ్ళికి తెలుగు పాటలు, ఒడియా పెళ్ళికి ఒడియా పాటలు. పేరు పెట్టింది నేను, కీబోర్డు నాది. ఆరేళ్ళకు బయటికి వచ్చాను, కారణం ఇక్కడ అనవసరం. మొన్న మజ్జిగౌరమ్మ గుడి దారిలో ఆ వ్యాను కనిపించింది. పేరు అలాగే ఉంది. దాని కింద నా ఫోను నంబరు మీద వాళ్ళ నంబరు స్టిక్కరు అంటించారు. ఎండకు అంచు లేచి నా నంబరులో చివరి రెండు అంకెలు బయటపడ్డాయి. ఇప్పుడు చెప్పండి, అది ఎవరి ఆర్కెస్ట్రా?

మహేంద్రగిరి:
అలా చెప్పండి! ఇంతసేపూ మీరు పోట్లాడింది బ్రిస్టల్ వాళ్ళతో కాదన్నమాట. అయితే నా సంగతీ వినండి. నేను మిగిలిపోయినవాడిని. నాన్నగారు అన్నయ్య పేరూ నా పేరూ కలిపి సౌండ్ సర్వీసు పెట్టారు. అన్నయ్య విశాఖ వెళ్ళిపోయాడు. వెళ్ళేవాడు ఒక్కరోజు వెళతాడు, ఉన్నవాడు రోజూ బాక్సులు మోయాలి. ఆయన సంక్రాంతికి వచ్చి ముందు బోర్డు వైపు చూస్తాడు, తన పేరు ఉందా లేదా అని. ఉంది. ఏటా పెయింటరుకు డబ్బిచ్చి దిద్దిస్తున్నాను. త్రీడీ చేసిందీ అదే. దాన్ని దొంగతనం అంటే నేను ఊరుకోను.

నాగావళి:
మీరు అన్నయ్యగారి పేరు దిద్దించారు. వాళ్ళు నా నంబరు కప్పేశారు. రెండూ ఒకటేనా?

గోపాలపూర్ అల:
ఇప్పుడే చూశాను. ఈ ఆల్బంలో హొరేస్ ఆండీ పాడిన ఒక పాట పేరు ‘నేమ్ టేకెన్’. పేరు పట్టుకుపోయారని!

ప్రాణహిత:
ఇక అయిపోయింది, ఇద్దరూ దాని మీద పడతారు.

మహేంద్రగిరి:
పడను. ఒక్క మాట చెప్పి వెళతాను, రేపు తెల్లవారుజామునే గుణుపూర్‌లో పందిరి దగ్గర సామాను దించాలి. 2010లో తరువాతి ఆల్బం ‘హెలిగోలాండ్’ నాటికి డాడీ జీ తిరిగి వచ్చాడు. ఆ పేరు నిలబెట్టినవాడు ఒకడు ఉన్నాడు కాబట్టే తిరిగి రావడానికి ఆయనకు చోటు మిగిలింది.

నాగావళి:
మష్రూమ్ రాలేదు.